కుందేలుకు మిగిలిన చుట్టు

బట్టలు కుట్టే అమ్మకు దేవుడితో మాట్లాడటానికి విడిగా సమయం ఉండేది కాదు. మిషను తొక్కుతూనే మాట్లాడేది. సూదిలో దారం ఎక్కిస్తూ దణ్ణం పెట్టుకునేది. పొడుగు కుట్లు వేసేటప్పుడు ఇంటి సంగతులన్నీ చెప్పేది. బొత్తాల దగ్గరికి వచ్చేసరికి కోరికలు మొదలయ్యేవి. అవీ పెద్ద కోరికలేం కావు. మేడమీది పసిదానికి దగ్గు తగ్గాలి, కోడలికి బస్సులో కూర్చునే చోటు దొరకాలి, కత్తెరలు సానపట్టే ముసలాయన మోకాలి నొప్పి నెమ్మదించాలి. ఆఖరి బొత్తానికి ఆఖరి కోరిక మాత్రం ఎప్పుడూ ఒకటే.

“తండ్రీ, మావాడు ఒక్కసారి, ఒకే ఒక్కసారి పందెం చివరిదాకా పరిగెత్తేలా చూడు. గెలిపించమని అడగటం లేదు. గెలవాల్సినవాళ్ళకీ తల్లులుంటారు, నాకు తెలుసు. అందరికంటే వెనకాలే రానీ. కానీ ఆ గీత దాటనీ.”

గోడకు ఇవతల కూర్చుని బూట్లకు మేకులు బిగించుకుంటూ కొడుకు ఇదంతా వినేవాడు. విని, బిగించిన మేకునే మళ్ళీ బిగించేవాడు.

ఆ కొడుక్కి పరుగే ఉద్యోగం. కాకపోతే అది పూర్తి పరుగు కాదు. మైదానం చుట్టూ నాలుగు చుట్లకు కాస్త తక్కువగా ఉండే పందేలుంటాయి కదా, వాటిలో ఒక చిక్కుంది. తుపాకీ పేలాక అందరూ “ముందు నువ్వు పద, వెనక నేనొస్తా” అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకుంటే ఎవరికీ మంచి సమయం రాదు. అందుకని పందెం పెట్టేవాళ్ళు ఒక మనిషిని కుదుర్చుకుంటారు. అతను అందరికంటే ముందుకొచ్చి, చెప్పిన వేగంతో, చెప్పిన చోటుదాకా, ఎదురుగాలంతా తన ఛాతీ మీద కాసుకుంటూ మిగతావాళ్ళను లాక్కెళ్ళి, పక్కకు తప్పుకోవాలి. అక్కడితో అతని పని సరి. ఆ తరవాతి గెలుపులు, ఏడుపులు, కౌగిలింతలు అన్నీ మిగతావాళ్ళవి. అలాంటివాణ్ణి ఆ వృత్తిలో కుందేలు అంటారు. ఇతను ఎన్నేళ్ళుగానో ఆ పనే చేస్తుండటంతో అసలు పేరు ఇంటి తలుపు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. వీధి వీధంతా కుందేలనే పిలిచేది. పాలబ్బాయి మర్యాదగా “కుందేలుగారూ” అనేవాడు.

అమ్మకు ఈ సంగతి అతను చాలాసార్లు విడమరిచి చెప్పాడు. ఆవిడ ప్రతిసారీ శ్రద్ధగా వినేది. “తెలుసులేరా, అది నీ పని, నాకు తెలీదా ఏంటి” అనేది. కాసేపు మిషను తొక్కి, తల ఎత్తకుండానే అడిగేది: “అయినా మూడో చుట్టులో నీకు ఎక్కడ నొప్పి వస్తుందిరా? పొట్టలోనా, పిక్కలోనా?”

అలా అనుకోవడంలో ఆవిడ తప్పేం లేదు. కొడుకును ఆవిడ చూసింది టీవీలోనే. పెద్ద పందెం ఉన్న రోజున ఆ వాటాల ఇంట్లోవాళ్ళంతా ముందుగదిలో చేరేవారు. చారల బనీను వేసుకుని కొడుకు అందరికంటే ముందు దూసుకొస్తుంటే పిల్లలు కుర్చీలెక్కి అరిచేవారు. వెనక ఉన్నవాళ్ళంతా పెద్ద పెద్ద పేర్లున్నవాళ్ళు, అందరికంటే ముందు మనవాడు! రెండు చుట్లు ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకునేవారు కాదు. అంతలో మనవాడు ఒక పక్కకి ఒరిగి, తెరలోంచి జారిపోయేవాడు. మిగతావాళ్ళు వెళ్ళిపోయేవారు, వాళ్ళతో పాటే కెమెరా వెళ్ళిపోయేది. మనవాడు ఏమయ్యాడో, ఎక్కడ పడ్డాడో చెప్పే నాథుడు ఉండేవాడు కాదు.

“పాపం, మళ్ళీ నొప్పి వచ్చినట్టుంది వదినా” అనేది కింద వాటావిడ. ఆవిడ నర్సుగా పనిచేసి మానేసింది కానీ, వైద్యం మానలేదు. “నేను చెప్తూనే ఉన్నా. అది బలహీనతే. పిల్లాడికి రక్తంలో ఇనుము లేదు.”

“ముందంతా బాగానే పరిగెత్తాడు కదా వదినా?”

“ముందు ఎవరైనా పరిగెడతారమ్మా. ఇనుము అవసరమయ్యేది తరవాతే.”

కుందేలు ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర గోధుమరంగు టానిక్కు సీసా ఒకటి, దాని మూతి మీద బోర్లించిన చెంచా ఒకటి సిద్ధంగా ఉండేవి. ఆవిడ తన మందుల పెట్టెలోంచి తీసి పెట్టినవి. తుప్పు పట్టిన గొళ్ళేన్ని నాకినట్టుండేది ఆ మందు. అతను ఒక్క బొట్టు కూడా పారబోసేవాడు కాదు. ఆవిడ ఆ సీసా కోసం మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చిందని అతనికి తెలుసు. తాగి, సీసా కడిగి తిరిగి ఇచ్చేవాడు. “ఎలా ఉంది బాబూ ఇప్పుడు?” అంటే “కాస్త తేలిగ్గా ఉంది అత్తయ్యా” అనేవాడు. ఆ ఒక్క అబద్ధాన్ని దేవుడు లెక్కలోకి తీసుకోడని అతని ధైర్యం.

చెప్పిన వేగంతో, చెప్పిన వేళకు చేరే గుణం అతనికి చిన్నప్పుడే అబ్బింది. అది అమ్మ చలవే. మిషను మీద లాగు కుడుతూ సగంలో, “ఒరేయ్, బొత్తాలు అయిపోయాయి, పరిగెత్తు” అనేది. దుకాణం వీధి చివర ఉండేది. త్వరగా వచ్చేస్తే, “అప్పుడే వచ్చి నా కాళ్ళకి అడ్డం పడతావేంరా” అనేది. ఆలస్యమైతే, “మిషను ఖాళీగా పెట్టుకుని కూర్చున్నా, ఎక్కడ చచ్చావ్?” అనేది. ఆఖరి కుట్టు పడి దారం తెంపే క్షణానికి బొత్తం చేతిలో పడితే ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే ఆ ఇంట్లో మెచ్చుకోలు. దానికోసం పిల్లవాడు వీధిలో పరిగెడుతూ మిషను చప్పుడును మనసులో వింటూ కాళ్ళు కదిపేవాడు.

బడిలో డ్రిల్లు మాస్టారికి ఇది కంటబడింది. ఆయన తల నున్నగా ఉండటంతో గుండు మాస్టారు అనేవారు. పందేల్లో వీడు మొదట్నించీ ఒకే వేగంతో పరిగెత్తేవాడు. చివర్లో అందరూ ఉరికి ముందుకు పోయేవారు, వీడు అదే వేగంతో ఆఖరున వచ్చేవాడు. మాస్టారు ఒకరోజు వాణ్ణి కుళాయి దగ్గర ఆపారు.

“నువ్వు గెలవవురా అబ్బాయ్.”

“సరే సార్.”

“బాధపడకు.”

“పడట్లేదు సార్. దాహమేస్తోంది.”

“గోడ గడియారం ఎప్పుడైనా పందెం గెలిచిందా? గెలవదు. కానీ బడి మొత్తం దాన్ని చూసే నడుస్తుంది. నీకా గుణం ఉంది. దాంతో అన్నం పెట్టే పని ఒకటుంది, నేను కనుక్కుంటా” అని, నిజంగానే కనుక్కున్నారు. అప్పుడు పెట్టించిన పనే ఇది. ఆ వేళ వాడు నీళ్ళు తాగేంతసేపూ ఆయన కుళాయి తిప్పి పట్టుకుని నిలబడ్డారు. అది స్ప్రింగు కుళాయి, వదిలేస్తే మూసుకుపోతుంది. గడియారం మాట కన్నా ఆ కుళాయే అతనికి ఎక్కువ గుర్తు.

పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ ఉద్యోగం కాస్త ఇరకాటంలో పెట్టింది. కాబోయే మామగారు తాళాలు బాగుచేసే మనిషి. ఏ విషయమైనా రెండువైపులా తిప్పి చూసిగానీ నమ్మేవాడు కాదు.

“అబ్బాయి ఏం చేస్తుంటాడు?”

“పరుగెడతాడండీ” అంది అమ్మ.

“ఎక్కడికి?”

“ఎక్కడికీ లేదండీ. గుండ్రంగా.”

ఆయన ఆ మాటను రెండోవైపు తిప్పాడు. “గెలుస్తాడా?”

“గెలవడం నా పని కాదండీ” అన్నాడు కుందేలు.

“మరి ఓడిపోతావా?”

“ఓడిపోనండీ. మధ్యలో వచ్చేస్తాను.”

“గెలవకుండా, ఓడకుండా, మధ్యలో వచ్చేస్తే జీతం ఇస్తారా?” ఆయన కూతురి వైపు తిరిగాడు. “అమ్మాయ్, ఈ తాళం నాకు అర్థం కావట్లేదు. నువ్వు చూసుకో.”

ఆ అమ్మాయి పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేది. రోజంతా నోళ్ళు తెరుచుకున్న మనుషుల భుజం తట్టి “ఇంకొంచెమేనండీ, ఇంకొంచెమే” అంటూ గడిపేది. మధ్యలో లేచి వచ్చేసేవాళ్ళంటే ఆమెకు కొత్త కాదు. “ఫరవాలేదు నాన్నా” అంది.

తీరా కాపురానికి వచ్చాక తెలిసింది, వృత్తి మనిషిని ఎంతదూరం వెంటాడుతుందో. కుందేలు ఏ పనికైనా అందరికంటే ముందు ఉరికేవాడు. గోడకు సున్నం వెయ్యాలంటే తెల్లారేసరికి బకెట్టుతో నిలబడేవాడు. సగం గోడ అద్దంలా వేసేవాడు. ఆ తరవాత కుంచె తన దారిన తాను కిందికి దిగేది.

“మిగతా సగం ఎవరేస్తారండీ? మీ వెనకాల వస్తున్న ఛాంపియన్లా?” అనేది భార్య.

బజారుకు వెళ్తే ఆమెకు ముందు నడుస్తూ గాలికి అడ్డం పడేవాడు. అంగడి కనిపించే మలుపు దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుని, ఆమెను ముందుకు పొమ్మన్నట్టు చెయ్యి ఊపేవాడు. మొదట్లో ఆమె మర్యాద అనుకుంది. ఎన్నాళ్ళకో అలవాటని తెలిసింది. తెలిశాక కూడా అందులో ఎంతో కొంత మర్యాద ఉందనే లెక్క వేసుకుంది.

ఇలా సాగుతున్న ఉద్యోగానికి దీపాలు అడ్డం వచ్చాయి.

మైదానం లోపలి అంచు పొడుగునా చిన్న చిన్న దీపాలు పెట్టే ఏర్పాటు కొత్తగా వచ్చింది. ఎంత వేగం కావాలో మీట నొక్కి చెపితే చాలు, వెలుగు ఒక దీపంలోంచి ఇంకో దీపంలోకి దూకుతూ ఆ వేగంతోనే చుట్టూ తిరుగుతుంది. దాన్ని చూసుకుంటూ పరిగెత్తుకోవచ్చు. దానికి రైలు టిక్కెట్టు అక్కర్లేదు, గది అక్కర్లేదు. వచ్చే ఏటినుంచి కుందేళ్ళ అవసరం ఉండదని పందేలు జరిపించే మేనేజరమ్మ ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. ఆఖరి పందెం అతని సొంత ఊళ్ళోనే పడింది.

అమ్మ ఆ కబురు విని మిషను ఆపింది. “దీపాలా?”

“ఔనమ్మా.”

“పోనీలేరా. వాటికి కడుపునొప్పి రాదు” అంది. సూది కింది బట్ట సర్దుతూ, “మరి నువ్వు ఎప్పటికీ గీత దాటవన్నమాట” అంది. ఆ పూట ఆవిడ బొత్తాలు కుడుతూ దేవుణ్ణి ఏమీ అడగలేదు. గోడ ఇవతల ఉన్నవాడికి ఆ మౌనం గుచ్చుకుంది. తన పనిలో అతనికెప్పుడూ వెలితి అనిపించలేదు. కానీ తల్లి దేవుణ్ణి అడగటం మానేసేంత నిరాశ తనవల్ల కలగడం మాత్రం అతను భరించలేకపోయాడు.

మర్నాడే వెళ్ళి మేనేజరమ్మను అడిగాడు. “మేడమ్, ఈసారి ఒప్పుకున్న చోటుదాకా లాక్కెళ్ళాక నేను ఆగను. చివరిదాకా పరిగెడతాను. ఆఖరిగా వచ్చినా సరే. మా అమ్మ చూడ్డానికి వస్తోంది.”

ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది. “ఇన్నేళ్ళలో మీరు నన్ను ఏదైనా అడగటం ఇదే మొదలు. నిక్షేపంగా పరిగెత్తండి. ఒక్క సంగతి, లోపలి గీత దాటి గడ్డి మీద కాలు పెట్టారో, పందెంలో లేనట్టే. అది మీకు నేను చెప్పాలా?” అని నవ్వింది. అమ్మకు మెట్ల మీద నీడపట్టున, అన్నీ బాగా కనిపించే చోట కుర్చీ వేయిస్తానని కూడా చెప్పింది.

అప్పట్నించి కుందేలు పూర్తి దూరం సాధన మొదలుపెట్టాడు. మైదానంలో దీపాలు బిగిస్తుండటంతో కాలవగట్టు మీద పరిగెత్తాడు. మొదటిరోజు చివరి భాగంలో కాళ్ళు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. పోనుపోను లొంగాయి. గట్టు మీద వెళ్ళే సైకిలు మనిషి ఒకాయన ఇతని అవస్థ చూసి, గంట కొట్టకుండా దిగి, సైకిలు నడిపించుకుంటూ దారి ఇచ్చేవాడు. సాధన బాగానే జరిగింది. పొరపాటల్లా ఒకటే. కాలవగట్టు తిన్నగా ఉంటుంది. దానికి మలుపులుండవు.

పందెం రోజు సాయంత్రం వాళ్ళంతా ముందే వచ్చి కూర్చున్నారు. నీడలో కుర్చీలో అమ్మ, పక్కన భార్య, ఆ పక్కన మామగారు, మెట్టు మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కింద వాటావిడ. ఆవిడ పొద్దున్నే వచ్చి, అతని చేత రెండు చెంచాల టానిక్కు దగ్గరుండి తాగించింది. “ఇవాళ మోతాదు పెంచాను బాబూ. ఇక చూసుకో” అంది.

తుపాకీ పేలింది. కుందేలు ముందుకొచ్చాడు. వెనకాల, ఆ ఏటి పెద్ద పోటీలకు అర్హత సంపాదించుకోవాలని వచ్చిన కుర్ర ఛాంపియను. అతని వెనక మిగతావాళ్ళు. అందరికంటే వెనక ఆ ఊరి అగ్నిమాపక దళంలో పనిచేసే భారీ మనిషి. ఊరివాడు ఒకడుండాలని ఆయన్ను చేర్చుకున్నారు.

మొదటి చుట్టు మిషను చప్పుడులా నడిచింది. రెండోదీ అంతే. అతని చెవుల్లో టకటకలాడుతున్నది పాత కుట్టు మిషనే. ఛాంపియను ఊపిరి సరిగ్గా మెడవెనక వినిపిస్తోంది. గాలి ఎదురుకొట్టింది, అతను ఛాతీ విప్పి కాసుకున్నాడు. మలుపు వచ్చింది. మలుపు విప్పుకుని తిన్నని దారి మొదలయ్యే చోటు వచ్చింది. ఎన్ని ఊళ్ళలో, ఎన్ని మైదానాల్లో అయినా ఒప్పుకున్న చోటు అదే. ‘అమ్మ చూస్తోంది, ఇక మొదలు’ అనుకున్నాడు అతను.

కాళ్ళు వినలేదు. ఎడమకాలు ఎప్పట్లాగే పొందిగ్గా పక్కకు అడుగేసింది. కుడికాలు దాని వెనక వెళ్ళింది. చెయ్యి దానంతటది లేచి, ఛాంపియన్ను ‘నువ్వు పదమ్మా’ అన్నట్టు ఊపింది. కుందేలు గడ్డి మీద నిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పని చక్కగా అయిందన్న తృప్తితో రెండు నిండు శ్వాసలు తీసుకున్నాడు. మూడో శ్వాసకు గుర్తొచ్చింది.

“అయ్యో!” అన్నాడు పైకే.

పక్కనున్న జెండా మనిషి కంగారుపడ్డాడు. “ఏమైందండీ? కాలా?”

“కాలే” అన్నాడు కుందేలు. “రెండూ.”

మళ్ళీ బాట మీదికి వెళ్ళి పరిగెడితే? గడ్డి తొక్కినవాడికి పందెం లేదు. అందరూ అప్పటికే అవతలి మలుపులో ఉన్నారు. మెట్ల వైపు చూడటానికి మొహం చెల్లలేదు. తల వంచుకుని, ప్రతిసారీ ఏం చేస్తాడో అదే చేశాడు. గడ్డి మీదుగా నడుచుకుంటూ చివరి గీత దగ్గరికి వెళ్ళి, బల్ల కింది బకెట్టులోంచి తడి తువ్వాళ్ళు భుజాన వేసుకుని, నీళ్ళ సీసాలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

ఛాంపియను గీత దాటాడు. పైన పెద్ద గడియారం చూసి ఒక్క కేక పెట్టి, వెల్లకిలా పడిపోయాడు. అర్హత దొరికింది. కుందేలు అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బూట్ల ముడులు విప్పాడు. ఆ పరుగు పరిగెత్తినవాడికి ఒక్కసారిగా పిక్కలు పట్టేస్తాయి, వంగి ముడి విప్పుకునే ఓపిక ఉండదు. బిగిసిన బూటు తీస్తే సగం ప్రాణం తిరిగొస్తుంది. అది అతను ఎక్కడా నేర్చుకోలేదు, ఎవరూ చెప్పలేదు. ఎలాగూ ముందే వచ్చేసి ఖాళీగా ఉంటాను కదా అని మొదటి ఏడాదే మొదలుపెట్టాడు, అంతే. రెండోవాడి బూట్లు విప్పాడు. మూడోవాడికి నీళ్ళు పట్టాడు. నాలుగోవాడు ఏడుస్తుంటే మొహం మీద తువ్వాలు కప్పి, ఎవరికీ కనబడకుండా అడ్డంగా నిలబడ్డాడు. అందరికంటే ఆఖరున అగ్నిమాపకదళం ఆయన వచ్చి, గీతకు ఇవతలే తూలాడు. “ఇంకొంచెమేనండీ, ఇంకొంచెమే” అన్నాడు కుందేలు, భార్య మాటే నోటికి వచ్చి. ఆయన గీత దాటి, పడబోయి, మొత్తం బరువుతో ఇతని మీద వాలాడు. ఇద్దరూ కూలబడ్డారు.

ఆయన బూట్ల ముడి బిగుసుకుపోయింది. కుందేలు పంటితో లాగుతుండగా మీద నీడ పడింది. తలెత్తాడు. అమ్మ. వెనక మిగతావాళ్ళు. మేనేజరమ్మే గేటు తీయించి పంపినట్టుంది.

“అమ్మా, నేను... కాళ్ళు వాటంతటవే...”

“నోట్లోంచి ఆ తాడు తియ్యి ముందు. ఇలా ఇవ్వు” అంది అమ్మ. నడుముకు వేలాడే చిన్న కత్తెర మొనతో ముడిని వదులు చేసి విప్పేసింది. తరవాత నిలబడి, చుట్టూ గడ్డి మీద పడి ఉన్న మనుషుల్ని, వాళ్ళ పక్కన జతలు జతలుగా పెట్టి ఉన్న బూట్లను చూసింది.

“టీవీలోంచి జారిపోయాక నువ్వు వచ్చేది ఇక్కడికా?”

“ఔను.”

“ప్రతిసారీనా?”

“ఊఁ.”

“నొప్పి లేదూ?”

“ఎప్పుడూ లేదమ్మా.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. చెమటే అనుకున్నారు అందరూ. “చూశావా అమ్మాయ్” అంది కోడలితో. “ఊళ్ళోవాళ్ళ బూట్లన్నీ విప్పి వరసగా సర్దాడు. ఇంట్లో తన బూట్లు మాత్రం గుమ్మం మధ్యలో వదులుతాడు. రోజూ నేను తట్టుకుని పడాలి.”

“పక్కకి పెట్టే సగం పని మనకి వదిలేస్తారు అత్తయ్యా” అంది కోడలు.

మామగారు ఒక బూటు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “అల్లుడుగారూ, ఇన్నాళ్ళకి తాళం చెవి దొరికింది” అన్నాడు. “జీతం ఇందుకు ఇస్తారన్నమాట.”

“దీనికి కాదు మామయ్యగారూ. దీనికేం ఇవ్వరు.”

“మళ్ళీ పోయింది చెవి” అన్నాడాయన.

దీపాలు బిగించిన మనిషి అక్కడే తీగలు చుట్టుకుంటున్నాడు. అమ్మ అతని దగ్గరికి వెళ్ళింది. “మీ దీపాలు బూట్లు విప్పుతాయా నాయనా?”

అతను పాపం నిజాయితీపరుడు. చేతిలో ఉన్న తీగ వైపు చూసి, “లేదమ్మా. ఆ సదుపాయం ఇంకా రాలేదు” అన్నాడు.

“వచ్చినప్పుడు చెప్పు” అని, ఆవిడ కొడుకు వైపు తిరిగింది. “సరే. ఎక్కడ ఆపావు?”

“అదుగో, ఆ మలుపు దగ్గర.”

“వెళ్ళు. అక్కణ్ణించి మిగిలింది పరిగెత్తు. కుట్టు సగంలో వదిలేసి ఇంటికెళ్ళడం నాకు చేతకాదు.”

“అమ్మా, పందెం అయిపోయింది. ఇప్పుడు పరిగెత్తితే ఎవరూ లెక్కపెట్టరు.”

“నేను దేవుణ్ణి ఇన్నేళ్ళు అడిగింది గీత దాటనివ్వమని. లెక్కపెట్టమని కాదు. పద!”

మేనేజరమ్మ వైపు చూశాడు. ఆవిడ కళ్ళజోడు దించుకుని, ఏమీ చూడనట్టు కాగితాలు సర్దుకుంటోంది. కుందేలు మలుపు దాకా వెళ్ళాడు. తను తప్పుకున్న చోట గడ్డి ఇంకా అణిగే ఉంది. లోపలినుంచి బయటికి, బాట మీదికి అడుగేశాడు. మెట్ల మీద జనం సగం వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఇదేదో కొత్త పందెం కాబోలనుకుని కూర్చున్నారు. గడ్డి మీది మనుషులు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. ఛాంపియను ఉత్తకాళ్ళతో లేచి, ఏం తోచిందో, ఇతని ముందు కాసేపు పరిగెత్తి, గాలి కాచి, పిక్క పట్టేసి, కుంటుతూ తప్పుకున్నాడు. తప్పుకుంటూ చెయ్యి ఊపాడు.

పూర్తి చుట్టూ తిరిగి, కుందేలు మళ్ళీ అదే మలుపు దగ్గరికి వచ్చాడు. కాళ్ళు పక్కకి లాగాయి. “ఇవాళ్టికి కాదు” అని వాటికి చెప్పాడు. ఈసారి విన్నాయి. మలుపు దాటితే అతనికి తెలియని దేశం. గీత ఇంత దూరంలో ఉంటుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. బొత్తాలు పిడికిట్లో పెట్టుకుని ఇంటికి పరిగెడుతున్నట్టు, చెవుల్లో మిషను చప్పుడుతో పరిగెత్తాడు.

గీత దగ్గర అడ్డంగా ఏదో పట్టుకున్నారు. ఒక కొస భార్య చేతిలో, ఒక కొస అగ్నిమాపకదళం ఆయన చేతిలో. దగ్గరికి వస్తే తెలిసింది, అది అమ్మ కొలతల టేపు. కుందేలు ఛాతీ ముందుకు పెట్టాడు, ఎన్ని పందేల్లోనో వెనకనుంచి చూసినట్టుగా.

“నెమ్మదిరా, నెమ్మది! టేపు తెగుతుంది!” అని అరిచింది అమ్మ. “కొత్తది!”

అరవడంతో అతను అలవాటు కొద్దీ చెప్పినట్టు విన్నాడు. ఈ ఉద్యోగంలో చేరాక మొదటిసారి గీత దాటబోతూ, టేపు ముందు ఠక్కున వేగం తగ్గించి, తల వంచి, దాని కిందినుంచి దూరి అవతలికి వెళ్ళాడు. గడ్డి మీది వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఏమీ అనలేదు. టేపు చుట్టి సంచిలో పెట్టుకుంది. ఏమీ అనకపోతే ఆ ఇంట్లో దాని అర్థం ఏమిటో అతనికి తెలుసు.

అప్పుడు కింద వాటావిడ ముందుకొచ్చింది. ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. సంచిలోంచి సీసా తీసి, వెలుగుకు ఎత్తి చూపించింది.

“చూశావా వదినా! నేను చెప్పలే? ఇనుమే. మోతాదు పెంచేసరికి ఎలా పనిచేసిందో చూడు. పొద్దున తాగించాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇవాళ కూడా మధ్యలోనే!”

అమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు అమ్మ వైపు చూశాడు. భార్య నవ్వు ఆపుకోలేక వంగి, పరాయి బూట్లు సర్దడం మొదలుపెట్టింది.

“నిజమే వదినా” అంది అమ్మ గంభీరంగా. “నీ చెయ్యి మంచిది.”

“ఎలా ఉంది బాబూ ఇప్పుడు?”

కుందేలు రొప్పుతూనే ఆవిడ పోసిచ్చిన చెంచా అందుకుని, కళ్ళు మూసుకుని, గుటకేశాడు. “చాలా తేలిగ్గా ఉంది అత్తయ్యా” అన్నాడు. ఈసారి అది అబద్ధం కాదు. ఆ సాయంత్రం దేవుడికి లెక్క సరిచేసే పని కూడా తప్పింది.